సుగుణమ్మ ఆంటీ ముందుకు నడిచిన ఆదివారం

చలి మొదలయ్యాక ఇంట్లో హీటర్ మొదటిసారి వేసిన రోజున కాలిన దుమ్ము వాసన వస్తుంది. ఇక్కడ నార్త్ కరోలినాలో, క్యారీలో మా ఇంట్లో అది పావుగంట కూడా ఉండదు. మా అమ్మాయి ముక్కు మూసుకుని కిటికీ తెరిచేస్తుంది. నేను మాత్రం చేస్తున్న పని వదిలేసి ఎక్కడున్నదాన్ని అక్కడే కూర్చుండిపోతాను. న్యూజెర్సీలో, పిస్కాటవేకి కాస్త అవతల, ఒక చిన్న ఊళ్ళో మెథడిస్టుల చాపెల్ ఒకటి, చిన్న ప్రార్థన మందిరం, ఉండేది. గోడల పొడుగునా గది వేడెక్కించే ఇనప రేడియేటర్లు, వాటి మీద వారం రోజుల దుమ్ము. ఆదివారం మధ్యాహ్నం వాటిని వేయగానే చాపెలంతా ఇదే వాసన. ఆ చాపెల్ ఇప్పుడు లేదు. ఆ జాగాలో కార్లు ఆపుకుంటున్నారు. నన్ను అందులోకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిన సుగుణమ్మ ఆంటీ కూడా లేదు. ఆవిడ గురించి ఎవరైనా నాలుగు మాటలు రాస్తారేమోనని చాలా ఏళ్ళు చూశాను. ఎవరూ రాయలేదు. రాయాలంటే ఆ ఆదివారం తామెక్కడ కూర్చున్నారో కూడా రాయాలి కదా, అందుకని రాయరు.

నేను పెళ్ళయి ఈ దేశం వచ్చింది డెబ్బైల చివర్లో, మంచి చలికాలంలో. మా ఆయన మందుల కంపెనీలో కెమిస్టు. వచ్చిన వారానికే "తెలుగు ఆరాధన ఉంది, పద" అని ఆ చాపెల్‌కి తీసుకెళ్ళాడు. గుమ్మం ముందు మంచులో బూట్లు, చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. దేశమేదైనా దేవుడి సన్నిధిలోకి చెప్పులతో వెళ్ళకూడదని మావాళ్ళ పట్టు. పట్టుచీర, వట్టి కాళ్ళు, కింద ఐసులాంటి చెక్కనేల. నేను ఒక కాలి మీద మరో కాలు వేసుకుని నిలబడి ఉంటే, యాభై ఏళ్ళావిడ ఒకామె వచ్చి నన్ను మెట్టు మీద కూర్చోబెట్టింది. తన సంచిలోంచి మగవాళ్ళ ఉన్ని మేజోళ్ళు తీసి, వద్దంటున్నా వినకుండా నా కాళ్ళకి తనే తొడిగింది. ఆవిడే సుగుణమ్మ ఆంటీ.

"ఏ సంఘం, అమ్మాయ్, మీది?" అని అడిగింది తొడుగుతూనే.

"మా నాన్నగారివాళ్ళు బాప్టిస్టులండి. మా ఆయనగారిది లూథరన్."

"అయితే పెళ్ళికి రెండువైపులా బాగా కొట్టుకునుంటారు" అని నవ్వింది.

నిజంగానే కొట్టుకున్నారు. మా కోస్తా క్రైస్తవులకి ఏ మిషన్ అన్నది ఇంటిపేరులాంటిది. నూరేళ్ళ కిందట ఏ దొర వచ్చి మా తాతలకి బాప్తిస్మం ఇస్తే ఆ దొర మిషనే మాది. బాప్టిస్టు పిల్లని లూథరన్లకి ఇవ్వాలంటే ముంపు బాప్తిస్మమా, చిలకరింపు బాప్తిస్మమా అని పెళ్ళిచూపుల్లోనే పంచాయితీ. మావాళ్ళు దేశం మారారు గాని మిషన్ మారలేదు. ఆ చాపెల్లో కూడా లూథరన్లు కుడివైపు బెంచీల్లో, బాప్టిస్టులు ఎడమవైపు కూర్చునేవారు. కూర్చోమని ఎవరూ చెప్పలేదు, అలా కూర్చున్నారంతే. ఆ రోజు ఆంటీ నన్ను మధ్యలో, తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ తర్వాత నేనింకెక్కడా కూర్చోలేదు.

ఆవిడ అక్కడ ముసలివాళ్ళ నర్సింగ్‌హోమ్‌లో నర్సు. పిల్లలు లేరు. భర్త భీమవరం దగ్గర మిషన్ స్కూల్లో మాస్టారు, చాలాకాలం కిందటే పోయాడు. ఆయన సమాధి పక్కనే ఆవిడకి చోటు ఉంచి, రెండింటికీ కలిపి చిన్న గోడ కట్టించారు. ఏటా సమాధుల పండుగకి మరిది చేత సున్నం వేయించేది. "నా ఇల్లు అక్కడ రెడీగా ఉంది, ఇక్కడున్నది అద్దె కొంప" అనేది. చాపెల్ మాకు దొరికింది కూడా ఆవిడ వల్లే. ఆవిడ చూసుకునే వార్డులో మిసెస్ ఎల్లిస్ అని ఒక ముసలామె ఉండేది. ఆమె భర్త మిస్టర్ ఎల్లిస్ ఆ చాపెల్ పెద్దల్లో ఒకడు. భార్యకి ఆంటీ అన్నం తినిపిస్తూ తెలుగు కీర్తనలు పాడటం విని, "మీవాళ్ళు ఎక్కడ కూడుకుంటారు?" అని అడిగాడట. "ఎవరింట్లో సోఫాలుంటే వాళ్ళింట్లో" అని చెప్పిందట ఆంటీ. మర్నాడే తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టాడు. వాళ్ళ ఇంగ్లీషు ఆరాధనకి పట్టుమని పదిమంది వచ్చేవారు, అందరూ ముసలివాళ్ళే. మధ్యాహ్నం మా ఆరాధనకి బెంచీలు చాలేవి కావు. ఎల్లిస్ అప్పుడప్పుడూ మా ఆరాధనకి కూడా వచ్చి, బూట్లు విప్పి, ఒక్క ముక్క అర్థంకాకపోయినా చివరిదాకా కూర్చునేవాడు.

ఆరాధన అయ్యాక బెంచీలు తుడిచే పని ఆంటీది, నాది. ఒకసారి ఎల్లిస్ మా వెనకే తిరుగుతూ ఆ చాపెల్ కథ చెప్పాడు. కట్టినవాళ్ళు ఇంగ్లండులో పింగాణీ సామాను చేసే ఒక ఊరినుంచి వచ్చిన పనివాళ్ళు. పగలంతా ఇక్కడి ఫ్యాక్టరీలో మట్టి తొక్కి, సాయంత్రాలు ఇటుకలు మోసి కట్టుకున్నారు. తమ ఊళ్ళో వదిలి వచ్చిన చాపెల్ ఎలా ఉంటుందో అచ్చంగా అలాగే కట్టారు, అదే కిటికీలు, అదే చిన్న గంట. "అక్కడిది పడగొట్టేశారని మా చుట్టాలు చెప్పారు. దాని పోలికలో ఇక మిగిలింది ఇదే" అన్నాడు. ఆంటీ తుడిచిన బెంచీనే మళ్ళీ తుడిచింది. ఇంటికి వచ్చేటప్పుడు కార్‌లో నాతో అంది, "మా తాత పేటలో పాలేరు, కరుణా. ఊళ్ళో అందరూ ఒరే, ఒసే అనేవాళ్ళే. మొట్టమొదట ఆయన పేరు యోహాను అని గౌరవంగా రాసింది సంఘం పుస్తకంలోనే. అంతకుముందు ఆయన లెక్కలో లేడు. వీళ్ళూ అలాంటివాళ్ళే, చూశావా? మట్టి పనివాళ్ళు." ఆ మాట నాకు అప్పుడు సగమే అర్థమైంది.

ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నవాటిలో మొదటిది కాదనవలసినచోట కాదనడం. నాకు పుట్టింట్లో అది నేర్పలేదు. ఎవరేం అడిగినా "అలాగేనండి" అని, తర్వాత మొహం చాటేయడమే మర్యాద. ఒకసారి స్త్రీల సమాజానికి వంట చేస్తానని ఒప్పుకుని, చెయ్యలేక, ఒంట్లో బాగోలేదని మా ఆయన చేత చెప్పించాను. సాయంత్రం ఆంటీ వచ్చి, జ్వరం లేకుండా సుబ్బరంగా తిరుగుతున్న నన్ను చూసింది. కోప్పడలేదు. "చెయ్యలేనంటే ఇంకొకరికి చెప్పేదాన్ని కదా. నీ 'అలాగే'ని నమ్ముకుని నలభైమందికి ఆకలేసింది" అని, నాతో కాఫీ పెట్టించుకుని తాగి వెళ్ళింది. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పటినుంచి నాలుకని కాస్త సరిచేసుకున్నాను. ఇప్పుడు నన్ను ముక్కుసూటి మనిషి అంటారు, అదేమీ మెచ్చుకోలుగా అనరు.

ఎనభైలు వచ్చాక ఒక వసంతకాలంలో ఆ చాపెల్ పాస్టర్ రెవరెండ్ హాల్ మధ్యాహ్నం ఆరాధనకి వచ్చి, విషయం ఇంగ్లీషులో నిదానంగా చెప్పాడు. ఇంత తక్కువమందితో చాపెల్ నడపడం కుదరదని, మూసేసి అమ్మేద్దామని పైన కమిటీవాళ్ళు అనుకుంటున్నారు. మేం ఎంతమందిమి వచ్చినా వాళ్ళ దృష్టిలో వచ్చిపోయేవాళ్ళమే. మాలో సగంమంది సభ్యులుగా చేరితే చాలు, చాపెల్ నిలుస్తుంది, మాకూ శాశ్వతంగా ఉంటుంది. చేరడమంటే పెద్ద తతంగమేం కాదు. ఒక ఆదివారం ఆయన పిలిచినప్పుడు లేచి, ముందున్న చెక్క రెయిలింగ్ దగ్గరికి నడిచి నిలబడాలి, అడిగిన ప్రశ్నలకి జవాబు చెప్పాలి. అయితే ఇండియాలోని సంఘంలో సభ్యత్వం వదులుకోవాలి. రెండుచోట్ల ఉండడానికి లేదు.

ఆ ఆఖరి మాటకి మావాళ్ళ మొహాలు చూడాలి. ఊళ్ళో సంఘం పుస్తకంలో పేరు ఉంటేనే పిల్లల పెళ్ళికి పాస్టర్‌గారు సర్టిఫికెట్ ఇచ్చేది, అమ్మానాన్నల పక్కన మట్టి దొరికేది. "సంఘం మారారు" అన్న మాట మా వైపు ఎంత చెడ్డమాటో బయటివాళ్ళకి చెప్పినా అర్థంకాదు. అయినా ఆంటీ ఆ వారంనుంచే ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టింది. ఆవిడకి డ్రైవింగ్ రాదు, నేను తీసుకెళ్ళేదాన్ని. ఎడిసన్‌లో, పిస్కాటవేలో మేం వెళ్ళని తెలుగు ఇల్లు లేదు. ప్రతి ఇంట్లోనూ కూర్చోబెట్టి కోడికూర వడ్డించారు. లూథరన్లకి పెద్ద యేసురత్నంగారు, మా ఆయన కంపెనీలోనే సీనియరు. "మీరు చెప్పాక కాదంటామా, సుగుణమ్మగారూ? మాకూ ఈ చర్చి కావాలి. వస్తాం" అన్నారు. బాప్టిస్టుల పెద్ద దేవదానంగారు, కాలేజీలో లెక్చరరు. ఆయనైతే ప్రార్థన చేసి మరీ మాట ఇచ్చారు. నేను కార్‌లో అనుమానంగానే అన్నాను, వీళ్ళంతా ఊరికే అలాగే అంటున్నారేమో ఆంటీ అని. "లేదమ్మాయ్. నేను మొహాలు చూశాను. నిజంగానే వస్తారు" అంది. ఆవిడ పొరపడలేదని నేను ఇప్పటికీ నమ్ముతాను. వాళ్ళు వద్దామనే అనుకున్నారు. నా గుండె మండేది అందుకే.

మా ఇంట్లో మాత్రం గొడవైంది. "నువ్వూ నేనూ చేరితే మా నాన్నకి ఏం చెప్పాలి? ఆయన సంఘ పెద్ద, కరుణా. తల ఎక్కడ పెట్టుకుంటాడు?" అన్నాడు మా ఆయన. "యేసురత్నంగారు లేస్తే నేనూ లేస్తాను. పెద్దాయన కదలకుండా నేను కదిలితే ఆఫీస్‌లో కూడా మొహం చూపించలేను" అన్నాడు. అప్పుడు అది పిరికిమాట అనుకున్నాను గాని, ఆ వారంలో ప్రతి ఇంట్లోనూ మగవాళ్ళు ఇదే మాట అనుకున్నారని తర్వాత తెలిసింది.

ఆ ఆదివారం చాపెల్ కిక్కిరిసిపోయింది. ఆంటీ తెల్లచీర కట్టుకుని వచ్చింది. ఎల్లిస్ టై కట్టుకుని మొదటి బెంచీలో కూర్చున్నాడు, మా కోసం రేడియేటర్లు పొద్దుటే వేసి ఉంచాడు. కీర్తన అయ్యింది. రెవరెండ్ హాల్ చేతులు చాపి, సభ్యులుగా చేరదలచినవారు ముందుకు రండి అన్నాడు. ఆంటీ లేచి నడిచింది. రెయిలింగ్ దగ్గర నిలబడింది, వీపు మావైపు. అందరికంటే ముందు తనే నడవాలని ఆవిడ నిర్ణయించుకుంది. ఆవిడ ఆడమనిషి, విధవరాలు. ఆవిడ నడిచినా అది లెక్కలోకి రాలేదు. మావాళ్ళు పెద్దల కోసం చూస్తున్నారు.

యేసురత్నంగారు కోటు సవరించుకుని దేవదానంగారి వైపు తిరిగి, "మీరు వయసులో పెద్దలు. ముందు మీరు నడవండి" అన్నారు మెల్లగా. దేవదానంగారు చేతులు జోడించి, "అబ్బే, మీ సంఘం మా కంటే పాతది. మీరే ముందు" అన్నారు. ఇద్దరూ నవ్వుమొహంతోనే అన్నారు. ఆ నవ్వు వెనకాలున్నది అక్కడ తెలియనిదెవరికి? ముందు లూథరన్ లేస్తే, ఒక మిషన్ తలవంచాక రెండోది వచ్చిందని ఊళ్ళో చెప్పుకుంటారు. ముందు బాప్టిస్టు లేచినా అంతే. ఇద్దరూ కలిసి లేవచ్చన్న ఆలోచన ఆ చదువుకున్న బుర్రలకి తట్టలేదు. మళ్ళీ "మీరు" అన్నారు, మళ్ళీ "కాదు మీరు" అన్నారు. కుడివైపు అందరూ ఆయన్ని చూస్తున్నారు, ఎడమవైపు అందరూ ఈయన్ని చూస్తున్నారు. ఒక్క బెంచీ కూడా చప్పుడు చెయ్యలేదు.

ఆంటీ వెనక్కి తిరిగి చూడలేదు. నిలబడే ఉంది. ఆ వీపు చూస్తూ కూర్చోవడం నావల్ల కాలేదు. నేను లేచాను. మా ఆయన నా కొంగు పట్టుకున్నాడు. లాగలేదు, పట్టుకున్నాడంతే. విడిపించుకుని వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాను. ఆవిడ నావైపు చూసిన చూపులో సంతోషం ఉందని రాయాలని ఉంది గాని, లేదు. ఇంకెవరు వస్తున్నారా అని నా భుజం మీదుగా చూసింది. రెవరెండ్ హాల్ పాపం చాలాసేపే ఆగాడు. మావాళ్ళ మర్యాదలు ఆయనకేం తెలుసు? ఇంతమంది ఇంత నిశ్శబ్దంగా కూర్చుంటే ఇష్టంలేదనే అనుకున్నాడు. మా ఇద్దరినీ ప్రశ్నలు అడిగి, ప్రార్థన చేసి, దీవెన చెప్పి ముగించాడు. ఎల్లిస్ లేచి మా ఇద్దరి చేతులూ పట్టుకున్నాడు.

బయట బూట్లు తొడుక్కుంటూ యేసురత్నంగారు, "వచ్చేవారం అందరం ఒకేసారి చేరిపోదాం, సుగుణమ్మగారూ. ఇవాళ కాస్త క్రమం కుదరలేదు" అన్నారు. దేవదానంగారు కూడా అవునవునన్నారు. వచ్చేవారానికి పై కమిటీ మీటింగ్ అయిపోయింది. మధ్యాహ్నం వచ్చేవాళ్ళకి చేరడం ఇష్టంలేదని వాళ్ళకి కబురు అందింది. పెద్దలిద్దరూ తర్వాత కలిసి వెళ్ళి బతిమాలారు, అప్పుడు మాత్రం కలిసే వెళ్ళారు. ఆలస్యమైపోయిందని మర్యాదగా చెప్పి పంపించారు.

పడగొట్టింది మరుసటి ఏడాది, పనిరోజున. అందరూ ఆఫీసుల్లో ఉన్నారు. ఎల్లిస్ అంతకుముందు చలికాలంలోనే పోయాడు, ఒకందుకు మంచిదే అయ్యింది. ఆంటీ డ్యూటీ దిగి, యూనిఫాంతోనే వచ్చింది. నేనే తీసుకెళ్ళాను. క్రేనుకి వేలాడే ఇనప గుండు రెండు మూడు దెబ్బలు కొట్టేసరికి కిటికీల గోడ కూలిపోయింది. కట్టడానికి ఎన్ని సాయంత్రాలు పట్టిందో గాని కూలడానికి ఒక పూట కూడా పట్టలేదు. పనివాడొకడు దగ్గరికి వచ్చి, దుమ్ము వస్తుంది దూరం జరగండమ్మా, ఇది మీ చర్చా అని అడిగాడు. "యెస్. ఐ యామ్ ఎ మెంబర్" అంది. ఆ మాట అన్నాకే ఏడ్చింది. ఆవిడ ఏడవగా నేను చూడటం అదే మొదలు. నాకు మాత్రం ఏడుపు రాలేదు. ఒళ్ళంతా కోపం. ఇవాళ్టికీ అది దిగలేదు.

తర్వాత లూథరన్లు ఒక స్కూలు హాలు అద్దెకి తీసుకున్నారు, బాప్టిస్టులు ఇంకో ఊళ్ళో ఇంకో హాలు. ఇద్దరూ ఆంటీని పిలిచారు. ఆవిడ ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు. మా ఇద్దరి పేర్లూ పక్క ఊరి పెద్ద మెథడిస్టు చర్చికి మార్చారు. ఆవిడ బస్సెక్కి అక్కడికే వెళ్ళేది. వాళ్ళు మంచివాళ్ళే, నవ్వి పలకరించేవారు, పేరు మాత్రం ఎవరికీ నోరు తిరిగేది కాదు. నేను వెళ్ళగలిగినన్నాళ్ళు పక్కన కూర్చున్నాను. మా ఆయనకి ఇక్కడ, నార్త్ కరోలినాలో ఉద్యోగం వచ్చాక ఆవిడ పక్కన ఎవరూ లేరు.

ఎనభైల చివర్లో ఆవిడకి క్యాన్సర్ అని తెలిసి వెళ్ళాను. మనిషి మంచానికి అతుక్కుపోయింది. ఊరికి ఫోన్ చేశానని చెప్పింది. మరిది అటూ ఇటూ నసిగి, చివరికి చెప్పాడట: సంఘం మారిన మనిషని పుస్తకంలో ఆవిడ పేరు ఎప్పుడో కొట్టేశారు. మాస్టారి పక్కన ఖాళీగా ఉన్న చోటు ఇంకొకరికి ఇచ్చేశారు, వాళ్ళని అప్పుడే అక్కడ పెట్టేశారు కూడా. "గోడ మాత్రం అలాగే ఉందంట" అంది ఆంటీ. నేను ప్రార్థన చేద్దామా అన్నాను. అందరికీ ప్రార్థన చేసిపెట్టిన మనిషి తల అడ్డంగా ఊపింది. "నాకు మాట రావట్లేదమ్మాయ్. నేనెక్కడి మనిషినని చెప్పుకుని అడగను?" అంది.

"మా మనిషి, ఆంటీ, మీరు" అన్నాను చెయ్యి పట్టుకుని.

ఆవిడ నావైపు తల తిప్పింది. "మా అంటే ఎంతమంది, కరుణా?" అని అడిగింది.

ఆవిడ రెండు రోజులకి పోయింది. ఊరి చివర పబ్లిక్ శ్మశానంలో, ఒక పోలిష్ ముసలాయనకీ ఒక చిన్నపిల్లకీ మధ్య పెట్టారు. తెలుగువాళ్ళందరూ వచ్చారు, రెండు హాళ్ళవాళ్ళూ వచ్చారు. చాలా పువ్వులు తెచ్చారు. ఆవిడ మన మనిషి, మనందరి మనిషి అని వరసగా చెప్పారు.

ఇప్పుడు ఇక్కడ తెలుగు చర్చిలున్నాయి, గుళ్ళున్నాయి, పెద్ద పెద్ద హాళ్ళున్నాయి. ఎవరో ఒకరు మైక్ పట్టుకుని "మనమంతా ఒకటి" అంటూనే ఉంటారు. అందరూ చప్పట్లు కొడతారు. నా చేతులు లేవవు. ఆ మాట చెవిన పడితే చాలు, ఎంతమంది అని ఆంటీ అడుగుతుంది, నేను లెక్కపెట్టడం మొదలుపెడతాను. హాల్లో వందలమంది ఉంటారు. నా లెక్క మాత్రం ఇద్దరి దగ్గర మొదలవుతుంది, అక్కడే ఆగిపోతుంది.